కత్తెర పైపు

ఫెల్టన్‌లో ఆర్డెన్ స్కాలా సైలెన్సర్ షాపుకి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు పైపుల్ని చూడరు, గోడని చూస్తారు. షట్టరు ఎత్తగానే ఎదురుగా కనబడే గోడ. దాన్ని అందరూ అబద్ధాల గోడ అంటారు. కారు వేగం పెరుగుతుందని ఆశపడి కొని, బిగించి, పరీక్షించి, చివరికి ఏమీ పెరగలేదని తేల్చుకున్న సామానంతా అక్కడ మేకులకి వేలాడుతూ ఉంటుంది. పెట్రోలు గొట్టానికి తగిలించే అయస్కాంతాలు, గాలిని సుడి తిప్పుతుందన్న రేకు పంఖా, నాలుగు కొమ్ముల స్పార్కు ప్లగ్గులు. ఒక్కోదానికీ ఒక అట్టముక్క కట్టి ఉంటుంది. దాని మీద మూడు వరసలు: ఇస్తామన్నది ఎంత, వచ్చింది ఎంత, కొన్నవాడి సంతకం.

ఆ మూడో వరసే అసలు సంగతి. కొన్నవాడు తన చేత్తో సంతకం పెడితే తప్ప ఏ వస్తువూ గోడ ఎక్కదు. ఓడినవాడు ఓడానని ఒప్పుకోవాలి. ఆర్డెన్ తండ్రి పెట్టిన నియమం అది. ఆర్డెన్ ఒక్కసారి కూడా దాన్ని దాటలేదు.

గోడ మీద ముప్పై ఒక్క వస్తువులున్నాయి. పందొమ్మిదింటి మీద సంతకం ఒక్కటే: లాయిడ్ ప్రూయిట్.

లాయిడ్ ఫిబ్రవరిలో పోయాడు. ఇంటి ముందు మంచు ఎత్తుతూ, పారని గోడకి చేరవేసి, మెట్టు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

అక్టోబరులో ఒక శనివారం పొద్దున ఆర్డెన్ మొదటి కాఫీ తాగుతూ ఉండగా, రైలు గేటు వైపు నుంచి ఒక శబ్దం వచ్చింది. లోతుగా, గొంతు సవరించుకుంటున్న పెద్దమనిషిలా. అతని చేతిలో కప్పు ఆగిపోయింది. పదిహేనేళ్ళ కిందట ఆ శబ్దాన్ని తయారుచేసింది అతనే. ఆ కారుకి ఎనిమిది సిలిండర్లు, అటు నాలుగు, ఇటు నాలుగు. ఏ వైపు పొగ ఆ వైపు పైపులో పోతుంది. ఆ రెండు పైపుల్నీ మధ్యలో నిచ్చెన మెట్టులా ఒక అడ్డ పైపుతో కలిపి, ఒకదాని ఊపిరి రెండోదానికి అందేటట్టు ఆర్డెన్ తన చేత్తో వంచి అతికాడు.

లాయిడ్ ఎర్ర కార్వెట్ వచ్చి షాపు ముందు ఆగింది.

"ఏమయ్యా, దయ్యాన్ని చూసినట్టు చూస్తావేం? నేనే," అంటూ కొరీన్ దిగింది.

లాయిడ్ భార్య కొరీన్ పిట్టంత మనిషి. ఇరవై ఏడేళ్ళు బడి బస్సు నడిపి కిందటేడే మానేసింది. ఆమె దిగాక ఆర్డెన్ కారులోకి చూశాడు. సీటు లాయిడ్ వదిలిన చోటే, వెనక్కంటా ఉంది. ఆమె దాన్ని ముందుకి జరపలేదు. వీపు వెనక రెండు దిండ్లు పెట్టుకుని నడుపుకొచ్చింది. 

ఆమె పక్క సీటులోంచి పొడుగాటి అట్టపెట్టె ఒకటి లాగి నేల మీద పడేసింది.

"గుర్తుందా?"

గుర్తు లేకేం. రెండేళ్ళ కిందట లాయిడ్ ఆ పెట్టెని పసిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు. అందులో ఉన్నది కత్తెర పైపు. అడ్డ పైపు ఉండదు. రెండు పైపులే మధ్యలో ఒకదాన్నొకటి కత్తెరలా దాటుకుంటాయి. "పదిహేను గుర్రాల బలం పెరుగుతుందట ఆర్డెన్! పెట్టె మీదే రాసి ఉంది," అన్నాడు. "పెట్టె మీద రాసినవాడు కారు నడపడు," అన్నాడు ఆర్డెన్. "దీంతో పెరిగేది చప్పుడు ఒక్కటే. చప్పుడు బిగించి నీ దగ్గర డబ్బు తీసుకోలేను. తీసుకుపో."

లాయిడ్ తీసుకుపోయాడు. నెలకోసారి వచ్చి అడిగేవాడు. నెలకోసారి ఆర్డెన్ కాదనేవాడు. అదొక అలవాటు అయిపోయింది.

"బట్టలుతికే గదిలో ఉంది ఇన్నాళ్ళూ," అంది కొరీన్. "మిషను దగ్గరికి వెళ్ళినప్పుడల్లా నా కాలికి తగులుతోంది. ఇవాళ ట్రాక్ తీస్తారు. ఈ ఏటికి ఇదే ఆఖరు శనివారం. పనిచేస్తే కారుకి ఉంచు. పనిచెయ్యకపోతే నీ గోడకి తగిలించుకో. ఏదో ఒకటి తేలిపోవాలి."

"తేలడానికేముంది? నేను అప్పుడే చెప్పాను."

"చెప్పావు. చూపించలేదు."

ఆర్డెన్ కాఫీ కప్పు కింద పెట్టాడు. అది చల్లారిపోయింది.

ఊరికి తొమ్మిది మైళ్ళ అవతల, మొక్కజొన్న చేల మధ్య, పావు మైలు ట్రాక్ ఉంది. దాని టిక్కెట్టు గది మీద ఒక చెక్కబోర్డు. రోడ్డు టైర్ల మీద, పదమూడు సెకన్ల లోపు పావు మైలు దాటినవాళ్ళ పేర్లు దాని మీద తెల్ల రంగుతో రాస్తారు. దాన్ని పన్నెండు బోర్డు అంటారు. లాయిడ్ జీవితంలో కోరుకున్న పెద్ద వస్తువులు రెండే అని కొరీన్ అంటుంది: ఒకటి తను, రెండోది ఆ బోర్డు మీద జానెడు చోటు. మొదటిది దొరికింది. రెండోదాని దగ్గర పదమూడు పాయింట్ సున్నా రెండు దాకా వచ్చాడు. ఆరేళ్ళు అక్కడే ఆగిపోయాడు. సెకనులో వందో వంతులు మూడు తగ్గితే చాలు.

ఆ మూడు వందో వంతులు ఈ పెట్టెలో ఉన్నాయేమో!

ఆర్డెన్‌కి ఫిబ్రవరి నుంచీ పట్టుకున్న భయం అదే. పైపు పనిచెయ్యదని అతనికి తెలుసు. నలభై ఏళ్ళుగా పైపులు వంచుతున్నవాడు, తెలియకేం. కానీ తెలియడం వేరు, కొలిచి చూడడం వేరు. ఇది మాత్రం కొలవలేదు. ఒకవేళ పనిచేస్తే? అప్పుడు లాయిడ్ పేరు బోర్డు ఎక్కకుండా రెండేళ్ళు అడ్డం నిలబడినవాడు ఎవరు?

"సరే," అన్నాడు. "కానీ పద్ధతి ప్రకారం. ముందు పాత పైపుతో మూడుసార్లు. తరవాత కొత్తదానితో మూడుసార్లు. నడిపేది ఒకే మనిషి."

"ఆ మనిషి నేనే."

"నువ్వా?"

"ఇరవై ఏడేళ్ళు అరవైమంది పిల్లల్ని వెనకేసుకుని, ఐసు మీద, ఒక్క నిమిషం ఆలస్యం కాకుండా బడికి చేర్చాను. నేరుగా ఉన్న రోడ్డు మీద పావు మైలు పోలేనా?"

ఆర్డెన్ ఆలోచించాడు. నిజానికి పరీక్షకి ఇంతకంటే మంచి చెయ్యి దొరకదు. లాయిడ్ ఎన్నడూ ఒక్కలా బయల్దేరలేదు. టైర్లు కాల్చి, పొగలో మాయమై, బయటికొచ్చి చెయ్యి ఊపేవాడు.

పన్నెండు గంటలకల్లా ట్రాక్ దగ్గరున్నారు. కొరీన్ కార్వెట్‌లో ముందు, ఆర్డెన్ జాకీ, స్టాండ్లు, పెట్టె వేసుకుని ట్రక్కులో వెనక. గేటు దగ్గర ఆర్విల్ టాకెట్ కూర్చున్నాడు. మైకులో టైములు చదివేదీ, బోర్డు మీద పేర్లు రాసేదీ అతనే. కొరీన్‌ని చూడగానే టోపీ తీశాడు.

"ఇవాళ నడిపేది ఎవరమ్మా?"

"నేనే."

ఆర్విల్ ఆర్డెన్ వైపు చూశాడు. ఆర్డెన్ ఆకాశం వైపు చూశాడు.

"హెల్మెట్టు ఉందా?"

"లాయిడ్‌ది ఉంది. పెట్టుకుంటే భుజాల మీద కూర్చుంటోంది."

ఆర్విల్ లోపలికి వెళ్ళి తన మనవరాలి హెల్మెట్టు తెచ్చాడు. గులాబీ రంగు, దాని నిండా వెండి నక్షత్రాలు. కొరీన్ పెట్టుకుని కారు అద్దంలో చూసుకుంది. "నలభై ఏళ్ళ కిందట ఇది ఉంటే ఇంకా మంచి సంబంధం దొరికేది," అంది.

ఆర్డెన్ ట్రక్కులోంచి సామాను దింపుకుంటూ, కాగితాలు సర్దుకుంటూ ఉన్నాడు. పరీక్ష రోజున, ట్రాక్‌వాళ్ళు ఇచ్చే ప్రతి టైము చీటీ వెనకా అన్నీ రాయాలి: ఎండ ఎంత, గాలి ఎటు, టైర్లలో గాలి ఎంత, ట్యాంకులో పెట్రోలు ఎంత. ఆ ట్రాక్‌లో అది అందరి అలవాటు. చీటీ ముందు వైపు గర్వం, వెనక వైపు సాకులు అనేవాడు లాయిడ్. అతని చీటీలన్నీ ఇప్పటికీ ఆర్డెన్ ట్రక్కులో ఒక డబ్బాలో ఉన్నాయి. ఆర్డెన్ తల ఎత్తేసరికి కొరీన్ వరసలో ముందుకి వెళ్ళిపోయింది.

"ఒక్కసారి చేతికి అలవాటు చేసుకుంటా!" అని కిటికీలోంచి అరిచింది.

పచ్చ దీపం వెలిగింది. పొగ లేదు, కీచుమన్న చప్పుడు లేదు. బస్టాపులో పిల్లలందరూ ఎక్కారని చూసుకుని కదిలించినట్టు కారుని కదిలించింది. అంతే, అది పోయింది.

మైకులో ఆర్విల్ గొంతు వినబడింది. ముందు దగ్గు వచ్చింది. తరవాత, "పన్నెండు... పన్నెండు పాయింట్ తొమ్మిది మూడు. కొరీన్ ప్రూయిట్."

కంచె దగ్గరున్న వాళ్ళందరూ ఈల వేశారు. ఆర్డెన్ పెన్సిలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పాత పైపు! తను చేసిన నిచ్చెన పైపు! ఇంకా పెట్టె కూడా విప్పలేదు.

కొరీన్ తిరిగొచ్చి కారు ఆపింది. "బాగానే పోయిందనుకుంటా. అందరూ చేతులు ఊపుతున్నారు. ఏదైనా ఊడి పడిందా?"

ఆర్డెన్ చీటీ చూపించాడు. ఆమె చదివింది. మళ్ళీ చదివింది.

"ఆయన ఆరేళ్ళు..." అంది.

"ఆరేళ్ళు."

"నేను ఒక్కసారి."

"ఒక్కసారి. లాయిడ్ బరువెంత కొరీన్?"

"రెండొందల అరవై రెండు పౌన్లు. క్రిస్మస్ వెళ్ళాక అరవై ఎనిమిది."

"నీ బరువు?"

"నీకెందుకు?"

"కొరీన్."

"నూట ఇరవై ఎనిమిది. ఎవరికైనా చెప్పావో!"

ఆర్డెన్ నెమ్మదిగా కారు చుట్టూ తిరిగాడు. లాయిడ్ ఈ కారు బరువు తగ్గించడానికి స్పేర్ టైరు తీసేశాడు. జాకీ తీసేశాడు. కాళ్ళ కింద చాపలు, రేడియో, సిగరెట్టు ముట్టించే బొడిపె తీసేశాడు. ముందు అరలో ఉండే కారు పుస్తకం కూడా తీసి ఇంట్లో పెట్టాడు. తీసిన ప్రతిదాన్నీ వంటింటి కాటా మీద తూచి నోటు పుస్తకంలో రాశాడు. తరవాత ట్రాక్ దగ్గరికి వచ్చి, ఉల్లిపాయలూ కీమా వేసిన సాసేజ్ రొట్టెలు రెండు తిని, కారెక్కేవాడు. ఒక్క శనివారం కూడా తనని తాను తూచుకోలేదు. పక్కనే నిలబడి రొట్టె తింటున్న ఆర్డెన్‌కీ ఎన్నడూ తోచలేదు. ఈ ట్రాక్‌లో బోల్టుకి కూడా లెక్క చెప్పేవాళ్ళలో ఎవరికీ తోచలేదు.

కొరీన్‌కి నవ్వొచ్చింది. కారు మీద చెయ్యి ఆనించుకుని, నక్షత్రాల హెల్మెట్టు ఊగేటట్టు నవ్వింది. "ముప్పై ఏళ్ళు చెప్పాను. బంగాళాదుంపలు తగ్గించవయ్యా అని. నా మాట ఎప్పుడు విన్నాడు? పదిహేను గుర్రాలు కొనుక్కొస్తాడు గానీ ఒక్క గరిటె తగ్గించడు!" నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆర్డెన్ టైర్ల గాలి చూడటానికి వంగి, చూసిన టైరునే మళ్ళీ చూశాడు.

అప్పటికే ఆర్విల్ రంగు డబ్బా, సన్నటి కుంచె పట్టుకుని వచ్చేశాడు.

"కొరీన్, నేనొకటి అనుకుంటున్నా," అన్నాడు మెల్లగా. "కారు ఆయనది. లాయిడ్ పేరు రాసేస్తే ఈ ట్రాక్‌లో ఒక్కడు కాదనడు."

కొరీన్ హెల్మెట్టు తీసింది. బోర్డు వైపు కాసేపు చూసింది.

"వద్దు. నా పేరు రాయి. కొరీన్ అని పూర్తిగా రాయి, మొదటి అక్షరంతో సరిపెట్టకు. ఆయన పేరు ఆయన సంపాదించుకోవాలి. జాలిపడి ఇస్తే తీసుకునే మనిషి కాదు. ఇవాళ పైన ఉడికిపోతూ ఉంటాడు, ఉడకనీ."

ఆర్విల్ వెళ్ళి రాయడం మొదలుపెట్టాడు. అందరూ అక్కడ చేరారు. ఆర్డెన్ మాత్రం కదల్లేదు.

"ఇక ఇంటికి పోదామా?" అంది కొరీన్.

అతను అవునంటే అక్కడితో అయిపోయేది. అవుననాలనే ఉంది. పెట్టె విప్పక్కర్లేదు, భయపడక్కర్లేదు.

"లేదు," అన్నాడు. "వాడికీ నాకూ వచ్చిన పేచీ ఈ కారు గురించి కాదు. వాడు కూర్చున్న ఈ కారు గురించి. వాడి బరువు ఇందులో ఉండాలి. లేకపోతే అది పరీక్షే కాదు."

"ఆయన్ని ఎక్కడినుంచి తెస్తావు?"

"తేడా నూట ముప్పై నాలుగు పౌన్లు."

ట్రాక్‌కి ఎదురుగా పొలం సామాను దుకాణం ఉంది. ఇళ్ళలో గట్టినీళ్ళని మెత్తబరిచే మిషన్లకి వేసే ఉప్పు అక్కడ నలభై పౌన్ల సంచుల్లో అమ్ముతారు. మూడు సంచులు తెచ్చి పక్క సీటులో పేర్చి, బెల్టు పెట్టి, పట్టీలతో బిగించారు. నూట ఇరవై అయింది. ఇంకా పధ్నాలుగు కావాలి. ఆర్డెన్ ట్రక్కు వెనక వెతుకుతున్నాడు. కొరీన్ ట్రక్కు ముందు తలుపు తెరిచి, పొద్దున కార్వెట్‌లోంచి దింపి అక్కడ పెట్టిన నల్ల తోలుసంచి ఒకటి తీసింది. అందులో, చెక్క నేల మీద దొర్లించి బుడ్లని పడగొట్టే ఆటకి లాయిడ్ వాడిన బరువైన బౌలింగు బంతి ఉంది.

"సరిగ్గా పధ్నాలుగు," అంది. "గురువారం గురువారం మోసేదాన్ని, నాకు తెలుసు."

ఆర్డెన్ బంతిని ఉప్పు సంచుల మధ్య కదలకుండా ఇరికించి, పై నుంచి ఇంకో పట్టీ బిగించాడు. దూరం నుంచి చూస్తే పక్క సీటులో ఎవరో బొద్దుగా, మెడ లేకుండా కూర్చున్నట్టుంది.

"పోలిక బాగానే కుదిరింది," అంది కొరీన్.

పాత పైపుతో మూడుసార్లు: పదమూడు పాయింట్ సున్నా ఆరు, సున్నా నాలుగు, సున్నా అయిదు. బస్సు టైముకి వచ్చినట్టే ఉంది. ఆర్డెన్ చీటీల వెనక ఎండ, గాలి, పెట్రోలు రాసుకున్నాడు.

పైపు మార్చాలంటే ముందు అది చల్లారాలి. కారుని స్టాండ్ల మీద ఎత్తి, ఇద్దరూ ట్రక్కు వెనక పలక మీద కూర్చుని సాసేజ్ రొట్టెలు తిన్నారు. కొరీన్ తనదాంట్లో ఉల్లిపాయలు ఏరి పక్కన పెట్టింది.

"ఒకటి అడుగుతా ఆర్డెన్. ఈ జిల్లాలో సైలెన్సర్ షాపులు ఎన్ని?"

"నాది కాక అయిదు."

"కత్తెర పైపు బిగించడానికి ఎంతసేపు?"

"గంట. చేతకానివాడికి గంటన్నర."

"మరి ఆ అయిదుగురిలో ఎవడి దగ్గరికైనా పోయి ఉండొచ్చుగా? రెండేళ్ళు నీ గుమ్మమే ఎందుకు పట్టుకున్నాడంటావు?"

ఆర్డెన్ నములుతున్నది ఆపాడు. ఆ ప్రశ్న అతనికి ఎప్పుడూ రాలేదు.

"నన్ను ఓడిద్దామని," అన్నాడు చివరికి.

"అది కొంత," అంది కొరీన్. మిగతా కొంత ఏమిటో చెప్పలేదు. రొట్టె చుట్టిన కాగితం మడతపెట్టి జేబులో వేసుకుంది.

ఆర్డెన్ కారు కిందికి పాకాడు. తను బిగించిన బోల్టులు తనే విప్పాడు. పదిహేనేళ్ళ తుప్పు కళ్ళలో పడింది. పైపు ఇంకా పూర్తిగా చల్లారలేదు. మణికట్టుకి తగిలి చురుక్కుమంది. నిచ్చెన పైపుని గడ్డి మీద పెట్టి పెట్టె తెరిచాడు. కత్తెర పైపు వెండిలా మెరిసింది. మంచి అతుకే. ఎవడో పని తెలిసినవాడే చేశాడు. రెండు గొట్టాలూ కలిసే చోట వేలితో లోపలి అంచు తడిమి చూశాడు. ఎక్కడా గరుకు లేదు. రెండేళ్ళ కిందట కనీసం పెట్టె విప్పి చూడనన్నా లేదు తను.

పొగ కారకుండా గాస్కెట్లు పెట్టి, బోల్టులు బిగించి, కిందినుంచి బయటికి వచ్చాడు. "స్టార్టు చెయ్యి," అన్నాడు.

కొరీన్ తాళం తిప్పింది. పెద్దమనిషి గొంతు పోయింది. దాని చోట సన్నగా, పదునుగా, ఎగిరిపడే గొంతు వచ్చింది. కంచె దగ్గర ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు.

"ఎవరిదో కారులా ఉంది," అంది కొరీన్ నెమ్మదిగా.

"చెప్పానుగా. చప్పుడు."

మొదటిసారి: పదమూడు పాయింట్ సున్నా నాలుగు. ఆర్డెన్ రాసుకున్నాడు. 

రెండోసారి: సున్నా ఆరు. పాత పైపుకీ వచ్చింది అదే. అతనికి ఊపిరి కాస్త సులువైంది.

మూడోసారి కారు గీత దగ్గర నిలబడే వేళకి మబ్బు ఒకటి సూర్యుడికి అడ్డం వచ్చింది. గేటు మీద జెండా ఇటు తిరిగినట్టనిపించింది. కారు కదిలింది. దాని అరుపు మొక్కజొన్న చేల మీదుగా పోయింది. మైకులో ఆర్విల్ ఏమీ చెప్పడం లేదు. ఒక క్షణం, రెండు క్షణాలు. ఆర్డెన్ కంచె కమ్మీ పట్టుకున్నాడు. పన్నెండు అంటాడు. ఇప్పుడు పన్నెండు అంటాడు.

"పదమూడు పాయింట్ సున్నా ఒకటి."

ఆర్డెన్ కమ్మీ వదిలాడు. పన్నెండు కాదు. లాయిడ్ కూర్చుని ఉంటే, ఈ పైపు ఉన్నా, ఆ పేరు బోర్డు ఎక్కేది కాదు. తను అడ్డం నిలబడలేదు. ఎనిమిది నెలలుగా గుండె మీద ఉన్నది దిగిపోయింది. దిగినందుకు సంతోషం వస్తుందనుకుని కాసేపు ఆగాడు. రాలేదు. చెప్పింది చెప్పినట్టే జరిగిందని ఎవరితో అనాలి? దెప్పడానికి ఎదురుగా మనిషి ఉండాలి కదా.

కొరీన్ వచ్చి ఆపింది. పక్క సీటులో ఉప్పు కదలకుండా కూర్చుని ఉంది.

"ఎంత?"

"సున్నా ఒకటి."

"ఆయన ఆఖరి లెక్క సున్నా రెండు!"

"మూడూ కలిపి చూస్తే పాతదానికీ కొత్తదానికీ తేడా ఒక్క వందో వంతు. అది తేడా కాదు. నువ్వు తుమ్మినా అంత వస్తుంది."

"నేను తుమ్మలేదు."

"మబ్బు పట్టింది. జెండా తిరిగింది, చూడు. గాలి వెనకనుంచి తోసింది."

"తోసిందా? జెండా ముందు నుంచీ అలాగే ఉంది."

"లేదు, తిరిగింది. నేను చూశాను."

"నువ్వు జెండా వైపు చూడటం లేదు ఆర్డెన్. కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకున్నావు. అంత దూరం నుంచి నాకే కనబడింది."

ఆర్డెన్ జేబులోంచి అట్టముక్క తీశాడు. పొద్దున షాపు మూసేటప్పుడే వెంట తెచ్చుకున్నాడు. ట్రక్కు పలక మీద పెట్టి పెన్సిలుతో రాశాడు. ఇస్తామన్నది: పదిహేను గుర్రాలు. వచ్చింది: వందో వంతు. దాన్ని కొరీన్ ముందుకి జరిపాడు.

ఆమె అట్ట తిప్పి చూసి వెనక్కి ఇచ్చింది. "నేను కొనలేదుగా."

"ఆయన తరఫున."

"ఆయన పెట్టేవాడా? ఇప్పుడు ఇక్కడుంటే ఏమనేవాడు? గాలి ఎదురుగా వచ్చిందనేవాడు. ఉప్పు తడిసి బరువెక్కిందనేవాడు. 'ఆమె నడపడం బస్సు నడపడమే, నేనైతే పన్నెండు కొట్టేవాణ్ణి' అనేవాడు. సంతకం పెట్టేవాడా, చెప్పు!"

ఆర్డెన్ ఆలోచించాడు. పందొమ్మిది సంతకాల్లో ఒక్కటి కూడా మొదటి రోజు పడలేదు. రేకు పంఖాకి పదకొండు నెలలు పట్టింది.

"పెట్టడు," అన్నాడు.

"అయితే నేనెలా పెడతాను? కొన్నవాడి సంతకం లేకుండా గోడ ఎక్కదని నీ నియమమే కదా."

"మా నాన్నది."

"ఎవరిదైతేనేం. ఇంకా తేలలేదు, అంతే. ఏప్రిల్లో మళ్ళీ గేటు తీస్తారు. గాలి లేని రోజు చూసుకో. ఉప్పు ఇంట్లో పెట్టుకుంటా, బంతి ఎలాగూ ఉంది."

"పైపో?"

"కారుకే ఉండనీ. ఆయన ముచ్చటపడి కొన్నది. చలికాలమంతా వింటే నా చెవి అలవాటు పడుతుందేమో చూద్దాం. పడకపోతే నీ నిచ్చెన మళ్ళీ పెడుదువు గాని." గడ్డి మీద ఉన్న పాత పైపు వైపు చూసింది. "అది పారెయ్యకు."

"నేను చేసింది నేను పారేస్తానా? గోడకి మేకు మాత్రం ఇవాళే కొట్టి ఉంచుతా."

"కొట్టుకో. నీ టోపీ తగిలించుకోవడానికి పనికొస్తుంది."

హెల్మెట్టు ఆర్విల్‌కి ఇచ్చేసి, బోర్డు దగ్గర ఆగి, రంగు ఆరిందో లేదో వేలితో ముట్టి చూసింది. ఆరలేదు. వేలిని ప్యాంటుకి తుడుచుకుని, దిండ్లు సర్దుకుని కారెక్కింది. పక్క సీటులో ఉప్పుని అలాగే ఉంచేసి వెళ్ళిపోయింది.

ఆర్డెన్ ట్రక్కు ఎక్కి చీటీలు ముందేసుకున్నాడు. ఆఖరి చీటీ తిప్పాడు. అరవై ఎనిమిది డిగ్రీల ఫారెన్‌హీటు, మబ్బు, ట్యాంకు సగం, పైపు కత్తెర, బరువు లాయిడ్ బరువు. అన్నీ రాశాక, తేడాకి కారణం అన్న చోట "గాలి" అని రాసి పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు.

కిటికీ దించి ఉంది. కొరీన్ పెద్ద రోడ్డు ఎక్కి గేరు మార్చినట్టుంది. ఆ కొత్త గొంతు కోసిన చేల మీదుగా సన్నగా, ఎగిరిపడుతూ వినబడింది. నీటి ట్యాంకు దాటింది. గోదాములు దాటింది. ఊరి వైపు తిరిగినా ఇంకా వినబడుతూనే ఉంది. పాత పైపైతే ఈపాటికి ఆగిపోయేది.

పూర్తిగా ఆగేదాకా విన్నాడు. తరవాత పెన్సిలు తీసి, "గాలి" పక్కన "కావచ్చు" అని రాసి, చీటీని లాయిడ్ చీటీలున్న డబ్బాలో, అన్నిటికంటే పైన పెట్టాడు.